కౌంటీ పేదల ఆశ్రమం, దాని శ్మశానం: మరుగున పడిన చరిత్రను వెలికితీయడం ఎలా?

చికాగో నగరపు వాయవ్య భాగంలో ఇర్వింగ్ పార్క్ రోడ్డు, నారగాన్‌సెట్ అవెన్యూ కలిసే చోట నేడు దుకాణాల సముదాయం, ఇళ్లు, విల్బర్ రైట్ కాలేజీ ఉన్నాయి. 1989లో అక్కడ కొత్త ఇళ్ల కోసం నేల తవ్వుతుండగా మానవ అవశేషాలు బయటపడ్డాయి. పనులు ఆగిపోయాయి, పురావస్తు నిపుణులు వచ్చారు, పాత కాగితాలను తిరగేయడం మొదలైంది. ఆ నేల కింద, చికాగో ఉన్న కుక్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పేదల ఆశ్రమానికి, పిచ్చాసుపత్రికి చెందిన శ్మశానం ఉందని, అందులో సుమారు 38,000 మందిని పాతిపెట్టి ఉంటారని తేలింది. ఒక పట్టణ జనాభాకు సరిపోయే ఆ సంఖ్యలో దాదాపు ఎవరికీ సమాధిరాయి లేదు. ఆ స్థలాన్ని డన్నింగ్ అంటారు.

అమెరికాలో ఇటువంటి స్థలాలు చాలా కౌంటీల్లో ఉన్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారు తాము రోజూ కారులో దాటిపోయే ఖాళీ పచ్చికబయలు ఒకప్పుడు ఏమిటో తెలుసుకోవాలనుకుంటే, స్థానిక చరిత్ర సంఘంలో చేరి పనిచేయాలనుకుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఉదాహరణగా డన్నింగ్‌నే వాడుకుంటాను, ఎందుకంటే పరిశోధకుడికి ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క స్థలంలో ఉన్నాయి. ఒక్క మాట ముందే చెప్పాలి. డన్నింగ్ పేరు వెతికితే ముందుగా దయ్యాల కథలు కనబడతాయి. వాటిని పక్కన పెట్టండి. అక్కడ పడుకున్నవారికి పేర్లు ఉండేవి, వయసులు ఉండేవి, పుట్టిన ఊళ్లు ఉండేవి. మన పని వాటిని తిరిగి పట్టుకోవడమే.

మొదటి అడుగు: వ్యవస్థను అర్థం చేసుకోవడం, పాత పేర్లను పోగుచేయడం

1601 నాటి ఇంగ్లండు పేదల చట్టం నుంచి అమెరికాలోని వలసరాజ్యాలకు వచ్చిన సూత్రం ఒకటే: దిక్కులేనివారిని పోషించే భారం స్థానిక పాలకులది. తొలి రోజుల్లో కొన్ని ఊళ్లలో పేదలను వేలం వేసేవారు. తక్కువ సొమ్ముకు పోషిస్తానని పాడినవాడికే ఆ మనిషిని అప్పగించేవారు. 1824లో న్యూయార్క్ రాష్ట్రం కౌంటీకొక పేదల ఆశ్రమం ఉండాలని చట్టం చేయగా, ఇతర రాష్ట్రాలు క్రమంగా ఆ దారి పట్టాయి. ఆశ్రమానికి అనుబంధంగా పొలం ఉండేది. పనిచేయగలవారు ఆ పొలంలో పనిచేసి తమ తిండి తాము పండించుకోవాలన్నది ఉద్దేశం. వాస్తవంలో అక్కడికి చేరినవారిలో ముసలివారు, రోగులు, గర్భిణులు, పసిపిల్లలు, మతిస్థిమితం లేనివారు ఎక్కువ. 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చి వృద్ధులకు నెలనెలా సాయం అందడం మొదలయ్యాక ఈ ఆశ్రమాలు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి, లేదా వృద్ధాశ్రమాలుగా, ఆసుపత్రులుగా మారాయి.

ఈ మార్పులు ఎందుకు తెలియాలంటే, సంస్థ మారిన ప్రతిసారీ పేరు మారింది, పేరు మారిన ప్రతిసారీ కాగితాలు వేరే చోటికి పోయాయి. పూర్‌హౌస్, పూర్ ఫారం, కౌంటీ ఫారం, ఆమ్స్‌హౌస్, కౌంటీ హోం: ఇవన్నీ ఒకటే కావచ్చు. ఒహాయోలో దీన్నే ఇన్‌ఫర్మరీ అన్నారు కాబట్టి, ఆ మాట చూసి మామూలు ఆసుపత్రి అనుకుంటే దారి తప్పుతారు. శ్మశానానికి పాటర్స్ ఫీల్డ్ అనే పేరు తరచుగా కనబడుతుంది. యూదాకు ముట్టిన ముప్పది వెండి నాణెములతో పరదేశులను పాతిపెట్టడానికి కొన్న 'కుమ్మరివాని పొలము' అని తెలుగు బైబిలులో మత్తయి సువార్తలో ఉన్నది ఇదే మాట.

డన్నింగ్ విషయంలో పేర్ల వరుస ఇలా ఉంటుంది. 1851లో కుక్ కౌంటీ 160 ఎకరాలు కొన్నది. 1854లో ఆశ్రమం తెరుచుకుంది. 1870లో పిచ్చాసుపత్రికి ప్రత్యేక భవనం కట్టారు. 1910 ప్రాంతంలో పేదలను నగరానికి దక్షిణాన ఉన్న ఓక్ ఫారెస్ట్‌కు తరలించారు. 1912లో మిగిలిన ఆసుపత్రిని ఇల్లినాయి రాష్ట్రం తీసుకుని చికాగో స్టేట్ హాస్పిటల్ అన్నది. ఆ తరువాత అది చికాగో-రీడ్ మానసిక ఆరోగ్య కేంద్రంగా మారింది. అసలు డన్నింగ్ అన్న పేరు సంస్థది కానే కాదు. ఆ పక్కన భూమి కొన్న ఆండ్రూ డన్నింగ్ అనే వ్యక్తిది. రైల్వే స్టేషనుకు ఆ పేరు పడి, దాని ద్వారా ఆసుపత్రికి అంటుకుంది. మీ కౌంటీకి కూడా ఇటువంటి వరుసను సంవత్సరాలతో సహా ఒక కాగితం మీద రాసుకున్నాకే ముందుకు కదలండి. ఆ కాగితం లేకుండా వెతకడం వల్ల పోయే నెలలకు లెక్క ఉండదు.

రెండో అడుగు: నేలను ఖాయం చేసుకోవడం

మనకు సర్వే నంబరు ఎలాగో అమెరికాలోని మధ్య, పశ్చిమ రాష్ట్రాలకు టౌన్‌షిప్, సెక్షన్ అలాగ. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చతురస్రం ఒక టౌన్‌షిప్. దానిలో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షను 640 ఎకరాలు. డన్నింగ్ కోసం కొన్న 160 ఎకరాలు సరిగ్గా ఒక సెక్షనులో నాలుగో వంతు. ఈ లెక్క తెలిస్తే పాత దస్తావేజులో రాసిన 'ఫలానా సెక్షను ఆగ్నేయ పావు' అన్న మాటను నేటి పటం మీద పది నిమిషాల్లో గుర్తించవచ్చు.

కౌంటీ రికార్డర్ కార్యాలయంలో కౌంటీ ఏ సంవత్సరం ఆ భూమి కొన్నదో, ముక్కలుగా ఎవరెవరికి అమ్మిందో చూడండి. అమ్మిన దస్తావేజులు మరింత ముఖ్యం. శ్మశానాన్ని మినహాయించి అమ్మారా, కలిపి అమ్మారా, అసలు ఆ ప్రస్తావనే లేకుండా అమ్మారా అన్నది అక్కడే తెలుస్తుంది. కుక్ కౌంటీలో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. 1871 అక్టోబరు మంటల్లో కోర్టు భవనంతో పాటు అంతకు ముందటి దస్తావేజులు, జనన మరణ రికార్డులు కాలిపోయాయి. భూమి హక్కుల సారాంశాలు రాసిపెట్టుకునే ప్రైవేటు సంస్థలు తమ పుస్తకాలను మంటల నుంచి బయటికి తెచ్చుకోగలిగాయి కాబట్టి, ఆ తరువాత భూమి హక్కులను నిర్ధారించడానికి అవే ఆధారమయ్యాయి. అటువంటి అగ్నిప్రమాదం మీ కౌంటీలోనూ జరిగి ఉండవచ్చు. అమెరికా కౌంటీ చరిత్రలో కోర్టు భవనం కాలిపోవడం అరుదైన సంగతి కాదు.

తరువాత పటాలు. పంతొమ్మిదో శతాబ్దపు కౌంటీ అట్లాసులలో భూమి యజమానుల పేర్లు ఉంటాయి. 1867 నుంచి వచ్చిన సాన్‌బోర్న్ అగ్ని బీమా పటాలలో ప్రతి భవనం ఆకారం, అది ఇటుకదో చెక్కదో, ఎందుకు వాడుతున్నారో రంగులతో, అక్షరాలతో గుర్తించి ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీటిలో చాలా పటాలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇల్లినాయి రాష్ట్రానికి 1937-47 మధ్య విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాలు కూడా దొరుకుతాయి. అభివృద్ధి పేరిట నేల రూపు మారకముందు కంచె ఎక్కడ ఉండేదో, దారి ఎక్కడికి పోయి ఆగిపోయేదో వాటిలో కనిపించవచ్చు. పొలం మధ్యలో ఏమీ లేని చోటికి పోయి ఆగిన దారి కనిపిస్తే అక్కడ కాస్త నిలబడి ఆలోచించండి.

ఒక ఆశ్రమానికి ఒకే శ్మశానం ఉంటుందని మాత్రం అనుకోకండి. ఆశ్రమం పెరిగేకొద్దీ పాత శ్మశానం మీద భవనం కట్టి, కొత్తది మరో మూలకు మార్చడం సాధారణంగా జరిగేది. డన్నింగ్‌లోనూ పాతిపెట్టే స్థలం కాలక్రమంలో మారింది. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ కౌంటీ పేదల పొలంలో ఒకటి కన్నా ఎక్కువ శ్మశానాలు ఉండేవి.

మూడో అడుగు: జనగణన పుటలను చదవడం

నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా విలువైన ఆధారం ఇది. 1850 నుంచి అమెరికా జనగణనలో కుటుంబ పెద్దనే కాక బానిసలు కాని ప్రతి వ్యక్తినీ, 1870 నుంచి ప్రతి ఒక్కరినీ పేరుతో రాశారు. 1850లోనూ, 1860లోనూ చెవిటి, గుడ్డి, మతిస్థిమితం లేని, బిచ్చగాడు, ఖైదీ అన్న వివరాలకు ఒక గడి ఉండేది. ఆశ్రమంలో ఉన్నవారిని ఒకచోట వరుసగా రాసి ఉంటారు. ముందు సూపరింటెండెంటు, అతని భార్య, పనివారు, ఆ తరువాత 'ఇన్‌మేట్' లేదా 'పాపర్' అన్న మాటతో మిగిలినవారు. టౌన్‌షిప్ పుటలన్నీ ఓపికగా తిప్పితే తప్ప ఈ గుంపు దొరకదు, ఎందుకంటే సంస్థ పేరు చాలాసార్లు అంచున చిన్న అక్షరాలతో మాత్రమే ఉంటుంది. డన్నింగ్ కోసం 1880లో వెతికేవారు చికాగోలో కాక జెఫర్సన్ టౌన్‌షిప్‌లో వెతకాలి. ఆ టౌన్‌షిప్ చికాగోలో కలిసింది 1889లో.

1880 జనగణనకు అనుబంధంగా ఏడు ప్రత్యేక పట్టికలు ఉన్నాయి. మతిస్థిమితం లేనివారికి, మానసిక ఎదుగుదల లేనివారికి, మూగ-చెవిటివారికి, గుడ్డివారికి, దిక్కులేని పిల్లలకు, ఖైదీలకు, పేదలకు వేరువేరుగా. పేదల పట్టికలో ఈ వ్యక్తి ఖర్చు ఎవరు భరిస్తున్నారు, పనిచేయగల శరీరమేనా, తాగుడు అలవాటు ఉందా, మూర్ఛ ఉందా, ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడిగారు. నేటి చెవులకు ఆ పట్టికల పేర్లు, ఆ ప్రశ్నలు కఠినంగా తోస్తాయి. కానీ ప్రపంచంలో మరెక్కడా నామరూపాలు మిగలని మనిషి గురించి మనకు దొరికేది ఆ ఒక్క వరుసే కావచ్చు. 1900 జనగణనలో పుట్టిన నెల, సంవత్సరం, అమెరికాకు వచ్చిన సంవత్సరం ఉంటాయి. స్త్రీలకైతే ఎంతమంది పిల్లలను కన్నది, వారిలో ఎందరు బతికి ఉన్నారు అన్న రెండు అంకెలు కూడా ఉంటాయి. ఆశ్రమంలోని వృద్ధురాలి పేరు పక్కన ఆ రెండు అంకెలను చూస్తూ ఎంతో సేపు ముందుకు కదలలేకపోయాను.

రెండు లోపాలు గుర్తుంచుకోవాలి. 1890 జనగణనలో అత్యధిక భాగం 1921 నాటి అగ్నిప్రమాదం కారణంగా పోయింది కాబట్టి 1880కీ 1900కీ మధ్య ఇరవై ఏళ్ల ఖాళీ ఉంటుంది. అంటే 1881లో వచ్చి 1899లో చనిపోయిన వ్యక్తి ఏ జనగణనలోనూ అక్కడ కనబడడు. ఇక పేర్లు. ఆశ్రమాల్లో ఐర్లండు, జర్మనీ, పోలండు, స్కాండినేవియా దేశాల నుంచి వచ్చినవారు ఎందరో ఉండేవారు. ఆంగ్లం తప్ప మరో భాష రాని గుమస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్న తికమకతో అమెరికా దరఖాస్తులు నింపిన ఏ తెలుగువాడికీ ఈ కష్టం వివరించనక్కరలేదు. కాబట్టి ఒక పేరును కనీసం నాలుగైదు రకాలుగా రాసి వెతకండి. మొదటి అక్షరమే తప్పుగా చదివి సూచికలో ఎక్కించి ఉండవచ్చు కాబట్టి వయసు, పుట్టిన దేశం ఆధారంగా కూడా వెతకండి.

వ్యక్తుల గోప్యత కోసం జనగణన పుటలను 72 ఏళ్ల వరకు తెరవరు. 1950 నాటివి 2022లో తెరుచుకున్నాయి.

నాలుగో అడుగు: కౌంటీ పుస్తకాలు, బిల్లులు

ఆశ్రమం రిజిస్టరు మిగిలి ఉంటే మీ అదృష్టం. చేరిన తేదీ, వయసు, జన్మస్థలం, చేరడానికి కారణం, వెళ్లిపోయిన తేదీ లేదా చనిపోయిన తేదీ అందులో ఉంటాయి. ఇల్లినాయిలో కౌంటీల పాత పుస్తకాలను రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోని ప్రాంతీయ భాండాగారాల్లో భద్రపరిచే ఏర్పాటు ఉంది. న్యూయార్క్‌లో 1875 నుంచి ఆశ్రమవాసుల వివరాలను ప్రత్యేక పత్రాల మీద సేకరించారు. అవి రాష్ట్ర భాండాగారంలో ఉన్నాయి. ఇతర చోట్ల కౌంటీ క్లర్కును, కౌంటీ చరిత్ర సంఘాన్ని, రాష్ట్ర భాండాగారాన్ని ఇదే వరుసలో అడగండి. అడిగేటప్పుడు 'మీ దగ్గర పేదల ఆశ్రమం రికార్డులు ఉన్నాయా' అనకుండా, మొదటి అడుగులో రాసుకున్న పేర్లూ సంవత్సరాలూ చెప్పి అడగండి. పాత పుస్తకం వీపు మీద ఏ పేరు ఉంటే ఆ పేరుతోనే అక్కడివారికి అది తెలుసు.

రిజిస్టరు దొరకకపోతే కౌంటీ బోర్డు సమావేశాల పుస్తకాలు ఉంటాయి. వాటిని చాలామంది విసుగ్గా ఉంటాయని వదిలేస్తారు. కౌంటీ సొమ్ముతో పాతిపెట్టిన ప్రతి మనిషికీ ఎవరో ఒకరు బిల్లు పెట్టారు: శవపేటిక చేసిన వడ్రంగి, గొయ్యి తవ్విన కూలీ, బండి తోలినవాడు. బోర్డు ఆ బిల్లులను ఆమోదిస్తూ తీర్మానం రాసింది. కొన్నిసార్లు చనిపోయినవారి పేరు కూడా అందులో ఉంటుంది. పేర్లు లేకపోయినా ఒక ఏడాదిలో ఎన్ని శవపేటికలకు డబ్బు చెల్లించారో కూడితే ఆ ఏడాది ఎందరిని పాతిపెట్టారన్న అంచనా వస్తుంది. జబ్బులు ప్రబలిన సంవత్సరాలను వాటితో గుర్తించవచ్చు.

అయిదో అడుగు: మరణ రికార్డులు

మరణాల నమోదు ఏ సంవత్సరం మొదలైందో రాష్ట్రానికో తీరు. ఇల్లినాయిలో రాష్ట్రమంతటా తప్పనిసరి నమోదు 1916లో వచ్చింది. కుక్ కౌంటీ మరణాల సూచిక 1871 తరువాతి కాలానికి ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా దొరుకుతుంది. మరణపత్రంలో రెండు గడులను విడివిడిగా చూడండి: మరణించిన చోటు, పాతిపెట్టిన చోటు. ఆశ్రమంలో చనిపోయినవారందరినీ అక్కడే పాతిపెట్టలేదు. కొందరిని బంధువులు తీసుకుపోయారు. ఎవరూ రాని శవాలను వైద్య కళాశాలలకు ఇవ్వడానికి అనేక రాష్ట్రాల్లో చట్టాలే ఉండేవి. చట్టానికి చాటుగా శవాలను తవ్వి అమ్ముకున్న ఉదంతాలు పంతొమ్మిదో శతాబ్దపు పత్రికల్లో ఉన్నాయి, డన్నింగ్ పేరు కూడా వాటిలో వచ్చింది.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. ఆశ్రమంలో ఒక్క రోజు కూడా ఉండనివారిని అక్కడ పాతిపెట్టారు. 1871 అగ్నిప్రమాదంలో చనిపోయి ఎవరూ గుర్తించనివారు, నగరంలో దొరికిన అనాథ శవాలు, పుడుతూనే చనిపోయిన శిశువులు, లింకన్ పార్కు దగ్గర ఉన్న పాత నగర శ్మశానం నుంచి తరలించినవారు డన్నింగ్‌లో ఉన్నారు. భార్యలను హత్య చేసి 1906లో ఉరితీయబడిన యోహన్ హోక్‌ను ఇతర శ్మశానాలు నిరాకరించగా అక్కడే పాతిపెట్టారు. అందువల్ల ఆశ్రమవాసుల జాబితాను, సమాధి చేసినవారి జాబితాను రెండు వేర్వేరు జాబితాలుగానే ఉంచండి. రెంటినీ కలిపేస్తే తరువాత విడదీయలేరు.

బారీ ఫ్లెయిగ్ అనే వంశావళి పరిశోధకుడు డన్నింగ్ విషయంలో దశాబ్దాల తరబడి చేసింది ఈ పనే. మరణ రికార్డులను ఒక్కొక్కటిగా చూసి వేల పేర్లను తిరిగి సేకరించాడు.

ఆరో అడుగు: స్థలానికి వెళ్లడం

కాగితాల పని ముగిశాకే నేల మీదికి వెళ్లండి. యజమాని అనుమతి లేనిదే అడుగు పెట్టకండి. శీతాకాలం చివర, గడ్డి పెరగకముందు, ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ వెళితే నేల మీది పల్లాలు నీడలతో తెలుస్తాయి. చెక్క పేటిక కుళ్లి కూలితే పైమట్టి కిందికి దిగి, మనిషి పొడవున ఒక గుంట ఏర్పడుతుంది. అవి తూర్పు పడమరలుగా వరుసల్లో ఉంటే అనుమానించవచ్చు. ఎవరూ నాటని చోట గుబురుగా పాకిన పెరివింకిల్ తీగ, పాత సెడార్ చెట్లు మరో సూచన. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ (విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తును కొలిచే పద్ధతి) సమాచారంలో చెట్ల కింది ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్‌తో మట్టిని కదల్చకుండా గోతుల ఆనవాళ్లు చూడవచ్చు, కానీ దాన్ని నడపడం, చదవడం నిపుణుల పని. దగ్గరి విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర విభాగాన్ని అడగండి.

గునపం ముట్టుకోకండి. ఇనుప చువ్వ దించి చూడటం కూడా వద్దు. 1989లోనే ఇల్లినాయి రాష్ట్రం నమోదు కాని పాత సమాధుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది, వాటిని అనుమతి లేకుండా కదిలించడం నేరం. ఎముక బయటపడితే పని ఆపి, ఉన్నది ఉన్నట్టు వదిలి, మరణాలను విచారించే అధికారికి, అంటే కౌంటీ కరోనర్‌కు లేదా వైద్య పరీక్షాధికారికి, తెలియజేయాలి. ఫొటో తీసి నలుగురికీ పంచకండి.

తవ్వకం తప్పనిసరి అయినప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే మిల్వాకీ ఉంది. అక్కడ 1991-92లో ఆసుపత్రి నిర్మాణం కోసం 1,649 మంది అవశేషాలను పురావస్తు నిపుణులు వెలికితీశారు. సమాధుల రిజిస్టరు మిగిలి ఉండటం, కొన్ని పేటికల్లో నంబరు బిళ్లలు దొరకడం వల్ల అంకెకూ పేరుకూ ముడివేసే ప్రయత్నం సాధ్యమైంది. తెలుగు విద్యార్థులు కూడా చదువుకునే బఫెలో విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం సైతం ఒకప్పటి ఈరీ కౌంటీ పేదల ఆశ్రమం నేలే. అక్కడ 350 మందికి పైగా అవశేషాలు బయటపడ్డాయి.

ఏడో అడుగు: జాబితాను పంచుకోవడం, గుర్తు నిలపడం

పేర్లను ప్రకటించే ముందు చట్టాన్ని చూసుకోవాలి. మానసిక ఆసుపత్రి రోగుల వైద్య రికార్డులను, రోగి చనిపోయి ఎన్నేళ్లయినా, ఇల్లినాయిలో గోప్యంగానే పరిగణిస్తారు. మరణపత్రాలు, జనగణన, బోర్డు పుస్తకాలు అలా కావు. నా అభిప్రాయంలో పేరు, వయసు, జన్మస్థలం, మరణ తేదీ, పాతిపెట్టిన చోటు ప్రకటించాలి. రోగ నిర్ధారణను మాత్రం వారసులు అడిగితే తప్ప బయటపెట్టకూడదు. ప్రతి పేరు పక్కన అది ఏ పుస్తకం, ఏ పుట నుంచి వచ్చిందో రాయండి. ఒకే వ్యక్తి రెండు వర్ణక్రమాలతో ఉన్నట్టు అనిపిస్తే రెంటినీ ఉంచి, అనుమానాన్ని పక్కన రాయండి. తుడిచేయకండి. జాబితా ప్రతులను కౌంటీ గ్రంథాలయానికి, రాష్ట్ర భాండాగారానికి, చరిత్ర సంఘానికి ఇవ్వండి. ఒకరి కంప్యూటరులో మాత్రమే ఉన్న జాబితా ఆ కంప్యూటరుతోనే పోతుంది.

స్మారకం గురించి కౌంటీ బోర్డును అడిగేటప్పుడు జాబితా, పటం, దస్తావేజు నకళ్లు మూడూ చేతిలో ఉండాలి. శ్మశానం సరిహద్దును పటం మీద నమోదు చేయించడం రాతి ఫలకం కన్నా ముందు జరగాలి, ఎందుకంటే రేపు కాలువ తవ్వేవాడు ఫలకం చదవడు, పటం చూస్తాడు. డన్నింగ్‌లో ఆ నేలలో కొంత భాగాన్ని కాపాడి రీడ్-డన్నింగ్ స్మారక ఉద్యానంగా ఉంచారు. బెల్ ప్లేన్ అవెన్యూ పక్కన, ఇళ్ల మధ్య, చిన్న పచ్చిక. అక్కడ సమాధుల వరుసలు లేవు. వేర్వేరు గుంపుల మృతుల కోసం నేలమీద గుండ్రటి గుర్తులు మాత్రం ఉన్నాయి. వెళ్లేవారు ముందుగా జాబితాలోంచి ఒక పేరు చూసుకుని, ఆ పేరు పట్టుకుని వెళ్లండి.